కాచిగూడలో పెట్టిన ప్రస్థానం

మొన్న మా పక్క వాటాలో ఉండే ఆవిడ పసుపు రాసిన సంచి ఒకటి చేత పట్టుకుని మా గడప దగ్గర నిలబడింది. తన కూతురు డాక్టరు చదువుకు జార్జియా పోతోందనీ, విమానం ఎక్కే రోజు తిథి బాగా లేదనీ, మా ఇంట్లో ప్రస్థానం పెట్టుకోవచ్చా అనీ అడిగింది. అయ్యో దానికేం భాగ్యం, పెట్టుకోమన్నాను గాని, చెయ్యి చాచబోయి ఆగి, ఇందులో పిల్ల సర్టిఫికెట్లేమీ పెట్టలేదు కదా అని అడిగాను. ఆవిడ నన్ను వింతగా చూసి, "గవి దాని చేతి బ్యాగుల్నే ఉన్నయి అత్తమ్మా, ఎందుకట్ల అడుగుతున్నవు" అంది. ఊరికే అడిగానని చెప్పి, సంచిని దేవుడి గూటి కింద పెట్టించి, చాయ్ ఇచ్చి పంపించాను. ఆ రోజంతా నాకు చేతులాడలేదు. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను.

నా ఈడు వాళ్లకు ప్రస్థానం అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఈ కాలం పిల్లలెవరైనా చదివితే తెలియాలని చెబుతున్నాను. దూర ప్రయాణం పోయే నాటికి రోజు మంచిది కాకపోతే, అంతకు ముందే ఒక మంచి ఘడియ చూసి, పోయే మనిషి బట్టలో, వాడుకునే వస్తువో ఒక సంచిలో కట్టి, పోయే దారిలో ఉన్న ఇంకొకరి ఇంట్లో పెట్టేవాళ్లం. సంచి గడప దాటిందంటే మనిషి దాటినట్టే. ఆ తర్వాత ఏ రోజున కదిలినా దోషం ఉండదు. నియమం ఒక్కటే, ఆ సంచి మళ్లీ వెనక్కి రాకూడదు. పోయే మనిషి పోతూ పోతూ దాన్ని అందుకుని అటునుంచి అటే సాగిపోవాలి.

ఇరవై ఏళ్లు దాటిన మాట ఇది. అప్పటికి మేము ఊరి నుంచి వచ్చి మాణికేశ్వర్ నగర్‌లో రెండు గదుల రేకుల ఇంట్లో కాపురం ఉండేవాళ్లం. మా ఆయన యూనివర్సిటీ తోటలో మాలి. నేను అదే క్యాంపస్‌లో ఆడపిల్లల హాస్టల్ మెస్‌లో రొట్టెలు కాల్చేదాన్ని. నాలుగో తరగతితో పలక పక్కన పెట్టినదాన్ని, ఎంతెంతో చదివిన పిల్లలు వరసకట్టి పళ్లెం చాపుతుంటే నాకు అదొక గొప్పగా ఉండేది. ఏ పిల్లకు పరీక్ష దగ్గరపడిందో తినే తీరు చూసి చెప్పేసేదాన్ని. రొట్టె తుంచి చేతిలోనే పెట్టుకుని, ఎటో చూస్తూ పెదవులు కదుపుతూ కూర్చునేవాళ్లు. కూర చల్లారిపోయేది. వెళ్లి వేడి కూర ఇంకొంచెం వేసి వచ్చేదాన్ని, అది కూడా చూసేవాళ్లు కాదు.

మాకు పిల్లలు లేరు. మా అక్కకు ఒక్కతే కూతురు. అక్కా బావా ఊళ్లో వ్యవసాయం చేసుకునేవాళ్లు. ఆ పిల్ల ఇంటర్ కాగానే ఎంసెట్ కోచింగ్ కోసం తార్నాకలో చేరి మా ఇంట్లో ఉంది. ఇంట్లో రేకుల వేడికి కూర్చోలేక పుస్తకాలన్నీ పట్టుకుని మెస్ వెనక మెట్ల మీదికి వచ్చేది. నేను లోపల పిండి పిసుకుతుంటే బయటి నుంచి పాఠం అప్పజెప్పేది. చెప్పిందాంట్లో నాకు సగం అర్థమయ్యేది కాదు గాని, మధ్యలో ఆగిందంటే మరిచిపోయిందని మాత్రం తెలిసిపోయేది, మళ్లీ మొదటి నుంచి చెప్పమనేదాన్ని. ఒకనాడు అన్నం వేళకు, "బొద్దింక రక్తం ఎర్రగుండది చిన్నమ్మా, తెల్లగుంటది, ఎందుకో ఎరికేనా" అని మొదలుపెట్టింది. అన్నం కాడ చెప్పే ముచ్చటనా అది అని నేను కసురుకుంటే, పక్కనే కూర్చుని తింటున్న మా ఆయన, "చెప్పనియ్యి. రేపు డాక్టరమ్మ అయినంక మొదలు మన మెస్సుల బొద్దింకలకే సూదులిస్తది, మనుషుల వంతు తర్వాత" అన్నాడు. ఆ పిల్ల పడీ పడీ నవ్వింది. ఆ మెట్ల మీద అంతగా నవ్విన రోజులు ఆ రెండేళ్లలో ఎక్కువ లేవు.

మొదటి ఏడు ర్యాంకు రాలేదు. రెండో ఏడు వచ్చింది గాని, అది అటూ కాని ఇటూ కాని ర్యాంకు. కౌన్సెలింగ్ అని హాలులో కూర్చోబెట్టి ర్యాంకుల వరసన పిలిచేవాళ్లు, మీకు గుర్తుండే ఉంటుంది. పిలిచినప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లతో బల్ల ముందుకు పోవాలి, ఉన్నవాటిలో సీటు కోరుకోవాలి. పిలుపు మా పిల్ల దాకా రాకముందే సీట్లు అయిపోయాయి. రెండో కౌన్సెలింగ్ ఉంటుందన్నారు, ఉండదన్నారు, కోర్టులో ఆగిందన్నారు. రోజూ పొద్దున పేపరు వచ్చే వేళకు ఆ పిల్ల హాస్టల్ గేటు దగ్గర నిలబడేది. పై అంతస్తులో పరిశోధన చేసే ఒక అమ్మాయి దీనికి ఇంగ్లీషు చెప్పేది, ఇద్దరూ కలిసి పేపరంతా వెతికేవాళ్లు.

తార్నాకలో ఒక టిఫిన్ సెంటర్ పైన చిన్న ఆఫీసు పెట్టుకుని పిల్లలను డాక్టరు చదువుకు రష్యా పంపే ఒకాయన ఉండేవాడు. గోడ మీద మంచు కప్పిన పెద్ద భవనం బొమ్మ. బావ ఊరి నుంచి వచ్చి ఆయనతో రెండుసార్లు మాట్లాడి పోయాడు. మూడోసారి వచ్చినప్పుడు నిర్ణయం చేసుకునే వచ్చాడు. రెండో లిస్టు దాకా ఆగుదాం బాపు అని పిల్ల బతిమాలింది. "ఎన్నాళ్లు ఆగుతవు బిడ్డా. ఈడ నీ కోసం కుర్చీ ఏసి పెట్టిండ్రా. మూడో ఏడు గూడ ఇట్లనే కూసుంటే నీ మనసు ఖరాబైతది" అన్నాడు బావ. ఆయన తప్పేం లేదు. ఆ పిల్ల రాత్రింబవళ్లు చదివి చిక్కి సగమైపోవడం ఆయనా చూస్తున్నాడు కదా. పోయేది మాత్రం పిల్లకు ఇష్టం లేదని నాకు తెలుసు. ఈ గడ్డ మీదే చదవాలనీ, పెద్దాసుపత్రిలో మన వాళ్లకు మన మాటలోనే మందులు చెప్పాలనీ ఆమె కోరిక. అది నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

పిల్లలందరూ కలిసి గురువారం సాయంత్రం కాచిగూడలో ఢిల్లీ రైలెక్కి, అక్కడి నుంచి విమానంలో పోవాలి. గురువారం అమావాస్య పడింది. లాలాపేట్‌లో మాకు తెలిసిన అయ్యగారి దగ్గరికి పోతే, సోమవారం పొద్దున మంచి ఘడియ ఉంది, ప్రస్థానం పెట్టుకోమన్నారు. బావ చెల్లెలి ఇల్లు కాచిగూడ స్టేషన్ వెనకే. రైలెక్కే ముందు అక్కడికి పోయి సంచి అందుకోవడం సులువు. సరే అనుకున్నాం.

సోమవారం పొద్దున నేనే సంచి సర్దాను. ఒక జత బట్టలు, పసుపు కొమ్ము, మూటగట్టిన పిడికెడు బియ్యం పెట్టాను. అప్పుడు తోచింది నాకు ఆ తెలివి. పోతున్నది పిల్ల ఒక్కతే కాదు, దాని చదువు కూడా పోతోంది కదా, చదువుకు కూడా మంచి ఘడియ కావాలి కదా అని. వానాకాలం, రేకుల సందుల్లో నుంచి చుక్కలు కారుతున్నాయి, కాయితాలు తడిసిపోతాయని భయం కూడా ఒకటి. బీరువా మీది సర్టిఫికెట్ల ఫైలు తీసి చీర ముక్కలో చుట్టి బట్టల మధ్యలో పెట్టాను. పిల్ల చూసింది, వద్దనలేదు. మా ఆయన సైకిల్ మీద తీసుకుపోయి కాచిగూడలో పెట్టి వచ్చాడు. మంచి పని చేశానని ఆ రోజు నాకు ఎంతో నిమ్మళంగా ఉంది.

బుధవారం పొద్దున టిఫిన్లు అవుతుండగా పరిశోధన చేసే అమ్మాయి పేపరు పట్టుకుని వెనక గుమ్మంలో నుంచి పరుగున వచ్చింది. కోర్టు పని తెమిలిపోయింది, రెండో కౌన్సెలింగ్ ఈ రోజే, మన క్యాంపస్ హాలులోనే, పిలిచే ర్యాంకుల్లో మన పిల్ల ర్యాంకు ఉందని ఒక్క గుక్కలో చెప్పింది. మెట్ల మీద కూర్చున్న పిల్ల లేచి నిలబడింది. ఆ ముఖం నేను ఈ జన్మలో మరిచిపోలేను. మరుక్షణం నా వైపు తిరిగింది. ఒరిజినల్స్ అని అమ్మాయి అంటోంది, ఒరిజినల్స్ లేకుండా బల్ల దగ్గరికి పోతే లాభం లేదంటోంది. ఫైలు కాచిగూడలో ఉంది.

మా ఆయన పిల్లను తీసుకుని హాలుకు పోవాలని, నేను పోయి ఫైలు తేవాలని అనుకున్నాం. ఎప్పుడు పిలుస్తారో తెలియదు కనుక పిల్ల అక్కడే ఉండాలి. నేను చేతుల పిండి కడుక్కుంటుంటే ఆమె నా పక్కకు వచ్చి, "సీదా పో చిన్నమ్మా, సీదా రా. నేను ఆడనే నిలబడి ఉంట" అంది.

నేను సీదా పోలేదు.

తార్నాక బస్సు స్టాపు దాకా పోయాను. కాచిగూడ బస్సు కూడా వచ్చింది. ఎక్కడానికి కాలు లేవలేదు. పెట్టిన ప్రస్థానాన్ని మధ్యలో విప్పి వెనక్కి తెస్తున్నానే, ఇక్కడ సీటు రాకపోతే ఎట్లా, రేపటి ప్రయాణానికి కూడా దోషం తగిలి రెంటికీ చెడితే ఎట్లా, అక్కకు నేనేం జవాబు చెప్పాలి అని భయం పట్టుకుంది. లాలాపేట్ ఎంత దూరం గనక, అయ్యగారిని ఒక్క మాట అడిగి పోతే మనసు తేలికవుతుంది, పది నిమిషాల పని అనుకున్నాను. బస్సు వదిలేసి అటు నడిచాను.

అయ్యగారు ఇంట్లో లేరు. వెనక సందులో ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతం చేయిస్తున్నారన్నారు. అక్కడికి పోయేసరికి రెండో కథ నడుస్తోంది. ఆ ఇంటావిడ నన్ను చూసి పేరంటానికి వచ్చాననుకుని చాప చూపించింది. కథ మధ్యలో అయ్యగారిని పిలవలేను. లేచి పోదామా అంటే, వ్రతం దగ్గర కూర్చుని ప్రసాదం తీసుకోకుండా పోయిన వాళ్లకు ఏమయిందో ఆ కథల్లోనే చెబుతున్నారు ఆయన. ఐదో కథ అయ్యి, హారతి అయ్యి, ప్రసాదం చేతిలో పడేదాకా నేను ఆ చాప మీద మెడ వంచుకుని కూర్చున్నాను. గోడ గడియారం నా వెనకే కొట్టుకుంటోంది, తిరిగి చూడడానికి కూడా భయపడ్డాను. చివరికి విషయం చెబితే అయ్యగారు, "బట్టల సంచి ఆడనే ఉంటది గదమ్మా, కాయితాలు తెచ్చుకుంటే ఏం దోషం. గీ ముక్క అడగనీకి ఇంతసేపు కూసున్నవా" అన్నారు.

అక్కడి నుంచి తార్నాకకు ఉరికి ఆటో ఎక్కాను. కాచిగూడలో బావ చెల్లెలు నీళ్లన్న తాగిపో అక్కా అంటున్నా వినకుండా ఫైలు లాక్కుని అదే ఆటోలో వచ్చాను. హాలు మెట్లెక్కుతుంటే గుమ్మంలో ఒక పెద్దమనిషి, చెప్పుల్లేని కాళ్లతో, తలపాగా గుడ్డలో చాక్లెట్లు పోసుకుని వచ్చేపోయే వాళ్లందరికీ పంచుతున్నాడు. కళ్లల్లో నీళ్లు. "మా బిడ్డకు సీటొచ్చిందమ్మా. ఆఖరు సీటట" అని నా చేతిలో కూడా ఒకటి పెట్టాడు. ఎవరి బిడ్డయితేనేం అనిపించింది. "చల్లగ చదువుకోనియ్యి అన్నా" అని చెప్పి, చాక్లెట్ నోట్లో వేసుకుని లోపలికి పోయాను.

లోపల కుర్చీలు ఎత్తి ఒకదాని మీద ఒకటి పెడుతున్నారు. మా పిల్ల గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మా ఆయన తల దించుకుని చెప్పాడు. ఆమె ర్యాంకు పిలిచారట. వట్టి చేతులతో బల్ల దగ్గరికి పోయి, "వస్తున్నయి సార్, తొవ్వల ఉన్నయి" అందట. వాళ్లు కూడా మంచివాళ్లే, పక్కన నిలబెట్టి కొంతసేపు చూశారట. ఆ పిల్ల గుమ్మం వైపు చూస్తూనే ఉందట. ఇక ఆగడానికి వీల్లేదని తర్వాతి ర్యాంకును పిలిచారట. ఉన్నది ఆ ఒక్క సీటేనట. నా నోట్లో చాక్లెట్ ఇంకా కరగలేదు.

పిల్ల దగ్గరికి వచ్చి ఏమైంది చిన్నమ్మా అని మాత్రం అడిగింది. గొంతులో కోపం కూడా లేదు. కోపం ఉన్నా బాగుండేది, నిజం చెప్పేసేదాన్నేమో. "బస్సు ఆగిపోయింది బిడ్డా. విద్యానగర్ కాడ ఇంజన్ చెడిపోయి ఇంకో బస్సు దొరకలే" అన్నాను. ఎట్లా వచ్చిందో ఆ మాట నాకు తెలియదు. ఆమె నా చేతిలోని ఫైలు తీసుకుంది. "నువ్వేం జేస్తవు చిన్నమ్మా, నా రాత" అని నన్నే సముదాయించింది.

మర్నాడు కాచిగూడలో రైలెక్కింది. అక్క ఏడ్చింది, నేను ఏడ్వలేదు. ఏడ్చే హక్కు లేదనిపించింది. తిథి చూసి పెట్టిన ప్రస్థానం, ఏ ఆటంకమూ లేకుండా పోయి వస్తుందని బావ చెల్లెలు ధైర్యం చెప్పింది. ఆటంకం నిజంగానే ఏమీ రాలేదు. మొదటి ఏడంతా వాళ్ల భాష నేర్చుకోవడంతోనే సరిపోయిందనీ, ఆస్పత్రిలో ముసలివాళ్లు చెప్పే బాధ సగమే అర్థమవుతుందనీ ఉత్తరాల్లో రాసేది. హాస్టల్ అమ్మాయిలు చదివి వినిపించేవాళ్లు. మంచు గురించి ఒక్క ముక్క రాసేది కాదు, మెస్‌లో ఈ రోజు ఏం కూర అని మాత్రం ప్రతి ఉత్తరంలోనూ అడిగేది.

ఆరేళ్లకు డాక్టరై వచ్చింది. ఇక్కడ పని చేయాలంటే అక్కడ చదివి వచ్చిన వాళ్లు వేరే పరీక్ష ఒకటి రాయాలి కదా. మొదటిసారి కొద్దిలో పోయింది. రెండోసారి ఇంకొంచెం ఎక్కువలో పోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు రాసిందో నేను అడగడం మానేశాను. చివరికి తార్నాకలోనే ఒక కోచింగ్ సెంటర్‌లో ఎంసెట్ పిల్లలకు జువాలజీ చెప్పే పనిలో చేరింది. బాగా చెబుతుందట, పిల్లలు ఆమె క్లాసంటే ప్రాణం పెడతారట. ఆమె దగ్గర చదివిన వాళ్లు ఎందరో డాక్టర్లయ్యారు. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. లోటేమీ లేదని అందరూ అంటారు. బావ మాత్రం బతికున్నన్నాళ్లూ పట్నం వస్తే ఆటో ఎక్కేవాడు గాని బస్సెక్కేవాడు కాదు. "గా బస్సు నా బిడ్డ నోట్ల మన్ను గొట్టింది" అనేవాడు. అట్లా అన్నప్పుడల్లా నేను ఏదో పని కల్పించుకుని వంటింట్లోకి పోయేదాన్ని. మా ఆయన కూడా ఆ బస్సు మాట నిజమని నమ్ముకునే కన్నుమూశాడు.

రెండేళ్ల కింద బావ పోయాడు. పదకొండో రోజు అయిపోయి చుట్టాలంతా కదిలాక, ఊళ్లో అరుగు మీద మా పిల్లా నేనూ కూర్చుని మిగిలిన బియ్యం సంచులకు ఎత్తుతున్నాం. ఇక మోయలేక చెప్పేశాను. తార్నాకలో వదిలేసిన బస్సు దగ్గర నుంచి గుమ్మంలో తిన్న చాక్లెట్ దాకా అంతా చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు, బియ్యం ఎత్తుతూనే ఉంది. సంచి మూతి కట్టాక అంది.

"ఆనాడే చెప్పేది ఉండె చిన్నమ్మా."

చెప్తే కొడ్తుంటివి కావచ్చు అన్నాను, నవ్వించాలని.

"కోపమొస్తుండె. మస్తు కోపమొస్తుండె నీ మీద. కోపమొస్తే రైలెక్కకపోతుంటి. బాపుతోని కొట్లాడి ఇంకో ఏడు కూసుంటుంటి. బస్సు మీద ఏం కోపం చేస్త. నా రాతనే గట్లున్నది అనుకొని పోయిన."

అన్నాళ్లూ నేను ఆమెకు ఆ సీటు దక్కకుండా చేశాననే అనుకుంటూ వచ్చాను. పోగొట్టింది అదొక్కటే కాదని ఆ అరుగు మీద తెలిసింది. ఆలస్యం చేసింది నా భయం. అది ఒక సీటు తీసుకుపోయింది. అబద్ధం మాత్రం ఆ పిల్ల మొండితనాన్నే తీసుకుపోయింది, అది ఉంటే సీటు మరుసటేడన్నా వచ్చేదేమో.

ఇప్పుడు క్యాంపస్‌లో ఆ హాలు దగ్గర అంత హడావుడి ఉండదు. పేర్లు పిలిచేవాళ్లు లేరు, గుమ్మంలో చాక్లెట్లు పంచే తండ్రులు లేరు. సీటు వచ్చినా పోయినా ఫోన్‌లో ఒక చిన్న మోతతో తెలిసిపోతుంది, పిల్లలు ఒంటరిగా గదిలో కూర్చుని చూసుకుంటారు. ఎవరినీ కాచిగూడ పంపే పని లేదు, ఎవరో వస్తారని గుమ్మం వైపు చూసే పనీ లేదు. మంచిదే. మెస్‌లో రొట్టెలు మిషన్ మీద కాలుతున్నాయని విన్నాను, అదీ మంచిదే.

ఆమె ఇప్పటికీ ఆదివారం వస్తుంది. పప్పులో నెయ్యి వేస్తే వద్దనకుండా తింటుంది, నా మోకాళ్లకు తైలం తెచ్చి పెడుతుంది, వేళకు మందు వేసుకోలేదని గద్దిస్తుంది. ఆ గద్దింపులో ఆ కోపం కొంచెమైనా ఉంటుందేమోనని నేను చెవి పెట్టి వింటాను. ఉండదు. నా జుట్టంతా నెరిసిపోయింది, నడవాలంటే గోడ పట్టుకోవాలి, ఇట్లాంటి ముసలిదాని మీద ఎవరు కోపం చేస్తారు. ఆమెకు కోపమొచ్చే వయసులో నేను దాన్ని రానివ్వలేదు, ఇప్పుడు ఆ కోపం పడదామంటే నాకు పడే వయసు దాటిపోయింది.